డాలర్ గుర్తుల చాటున జపాన్ అక్షరాలు

ఈ-మెయిల్ పంపకానికి 1982లో ఖరారైన ఎస్‌ఎంటీపీ నియమాల ప్రకారం ఒక్కో గుర్తుకి దక్కేది 7 బిట్లే (బిట్ అంటే 0 లేదా 1 పట్టే గడి). అంటే మొత్తం 128 గుర్తులు. ఎనిమిదో బిట్ కూడా వాడుకుందామంటే దారిలో ఏదో ఒక సర్వర్ దాన్ని కత్తిరించేసే ప్రమాదం ఉండేది. ఇంగ్లిషుకి 128 చాలు. జపాన్‌కో? 1978 నాటి వాళ్ల జాతీయ ప్రమాణంలో కంజీలే (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) ఆరు వేలకు పైగా ఉన్నాయి.

షిఫ్ట్-జిస్, ఈయూసీ అని అక్కడి కంప్యూటర్లలో వాడిన పద్ధతులు రెండూ ఎనిమిదో బిట్ లేనిదే నడవవు. 1984లో జున్ మురాయ్ మొదలుపెట్టిన జపాన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ జూనెట్‌లో ఆ 7 బిట్లలోనే సర్దుకునే దారి వెతికారు. దాన్నే 1993 జూన్‌లో మురాయ్, మార్క్ క్రిస్పిన్, ఎరిక్ వాన్ డెర్ పోల్ ఆర్‌ఎఫ్‌సీ 1468 అనే ఇంటర్నెట్ పత్రంగా రాసిపెట్టారు. పేరు ఐఎస్‌ఓ-2022-జేపీ.

128లో కంటికి కనపడని నియంత్రణ సంకేతాల్నీ, ఖాళీనీ తీసేస్తే మిగిలేవి 94. అందుకే జపాన్ ప్రమాణం 94 అడ్డు వరుసలు, 94 నిలువు వరుసల పెద్ద గళ్లపట్టిక. జపాన్‌లో ఉచ్చారణని రాసే లిపులు రెండు, హిరగానా, కటకానా. హిరగానాలో 'అ' 4వ వరుసలో 2వ గడి. రెండు అంకెలకీ 32 కలిపితే 36, 34. ఆ 128 గుర్తుల ఇంగ్లిషు పట్టిక ఆస్కీలో 36 అంటే డాలర్ గుర్తు, 34 అంటే కొటేషన్ గుర్తు. కాబట్టి మెయిల్‌లో ప్రయాణించేది $" అనే జంట. దారిలోని సర్వర్లకి అందులో అనుమానించాల్సిందేమీ లేదు. హిరగానా అంతా 4వ వరుసే కనుక ప్రతి అక్షరమూ డాలర్‌తోనే మొదలవుతుంది. 5వ వరుసలోని కటకానాకి % వస్తుంది.

మరి అది డబ్బు గుర్తో జపాన్ అక్షరమో అవతలి కంప్యూటర్‌కి ఎలా తెలియాలి? ముందుగా 27వ సంకేతం, అంటే ఎస్కేప్, దాని వెనక $, ఇంగ్లిషు 'బీ' పంపుతారు. ఇక్కణ్ణుంచి రెండేసి బైట్లు కలిపి చదువుకోమని అర్థం. తిరిగి ఆస్కీకి రావాలంటే 27, (, 'బీ'. పంక్తి ముగిసేలోగా వెనక్కి వచ్చి తీరాలన్నది నియమం. దానివల్ల ఎక్కడైనా తేడా వచ్చినా సాధారణంగా ఆ ఒక్క పంక్తే చెడుతుంది. నాకు ఈ పద్ధతి మొత్తంలో బాగా నచ్చిన జాగ్రత్త ఇదే.

బలహీనతా అక్కడే ఉంది. కొన్ని ప్రోగ్రాములు 27ని చెత్త కింద లెక్కగట్టి తీసిపారేసేవి. అప్పుడు ఉత్తరం నిండా డాలర్లే! పోయిన ఎస్కేప్‌ని మళ్లీ అతికించడానికి ప్రత్యేకంగా ప్రోగ్రాములు కూడా రాసుకున్నారు.

సున్నా చుట్టిన (① లాంటి) అంకెలది ఇంకో గొడవ. ప్రమాణంలో ఖాళీగా వదిలిన 13వ వరుసని కంపెనీలు తమకి తోచినట్టు నింపుకున్నాయి. విండోస్‌లో చుట్టిన 1 కొట్టి పంపితే కొన్ని పాత మాక్‌లలో అది బ్రాకెట్లలో ఆదివారమై కనిపించేది, 2 సోమవారం. సమావేశం ఎజెండా పంపినవాళ్ల అవస్థ ఊహించుకోండి.

అదే రోజుల్లో అమెరికాలోని తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లోనే రాసుకునేవారు. సొంత లిపిని అదే ఇరుకు దారిలో పంపడం జపాన్‌కి సాధ్యపడిందంటే, దేశమంతా ఒప్పుకున్న అక్షరాల పట్టిక ముందే ఉండటం పెద్ద కారణమని నా అభిప్రాయం.

ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టిక అయిన యూనికోడ్ వచ్చాక కూడా జపాన్ ఈ-మెయిల్ చాలాకాలం పాత పద్ధతిని వదల్లేదు. అందులో అక్షరానికి 2 బైట్లు చాలు. యూనికోడ్‌ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 3 కావాలి. దాన్ని 7 బిట్ల దారికి తగ్గట్టు బేస్64లోకి, అంటే 64 మామూలు గుర్తుల్లోకి మారిస్తే 4 అవుతాయి. తెలుగుకీ ఇదే లెక్క, పైగా మనకి గుణింతపు గుర్తుకి వేరే, ఒత్తుకి వేరే: 'క్షీ' ఒక్కదానికే 4 సంకేతాలు, అంటే యూటీఎఫ్-8లో 12 బైట్లు, బేస్64లో 16.