బ్రౌన్ తీర్పుకు మూడేళ్ల ముందు: చార్ల్‌స్టన్ న్యాయమూర్తి వేరింగ్

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో జాతి వేర్పాటు, అంటే నల్లజాతి, శ్వేతజాతి పిల్లలకు వేర్వేరు బడులు, చెల్లదని సుప్రీంకోర్టు 1954 మే 17న ప్రకటించింది. బ్రౌన్ తీర్పుగా పేరొందిన దానికి ఆధారమైన వాదాన్ని మూడేళ్ల ముందే, దక్షిణ కరొలినాలోని చార్ల్‌స్టన్ ఫెడరల్ జిల్లా కోర్టులో ఒక న్యాయమూర్తి తన అసమ్మతి తీర్పులో రాసిపెట్టారు.

జె. వేటీస్ వేరింగ్ 1880లో అదే నగరంలో, తరతరాలుగా అక్కడే స్థిరపడిన శ్వేతజాతి కుటుంబంలో పుట్టారు. 1942లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయనను నియమించేనాటికి వయసు అరవై దాటింది; వేర్పాటును ప్రశ్నించే మనిషిగా ఆయనకు పేరేమీ లేదు. ఆయనలోని మార్పు పుస్తకాల కంటే ఎక్కువగా కోర్టు గదిలో కళ్లెదుట నిలిచిన మనుషుల వల్ల వచ్చిందని నా నమ్మకం. 1946 ఫిబ్రవరిలో, సైన్యం నుంచి విడుదలై యూనిఫాంతోనే బస్సులో ఇంటికి వెళుతున్న ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సార్జెంటును బేట్స్‌బర్గ్‌లో పోలీసులు కొట్టిన దెబ్బలకు అతని రెండు కళ్లూ పోయాయి. ఆ ఊరి పోలీసు అధిపతిపై నవంబరులో వేరింగ్ ఎదుట విచారణ జరిగితే, అందరూ శ్వేతజాతీయులే ఉన్న జ్యూరీ అరగంటలోపే అతణ్ని నిర్దోషిగా తేల్చింది. ప్రభుత్వ న్యాయవాదులు ఆ కేసును ఎంత నామమాత్రంగా నడిపారో ఆయన స్వయంగా చూశారు.

మరుసటి ఏడాదే, డెమొక్రటిక్ పార్టీ తన అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో నల్లజాతీయులకు ఓటు నిరాకరించడం చెల్లదని ఆయన తీర్పు చెప్పారు. ఆపై అదే రాష్ట్రంలోని క్లారెండన్ కౌంటీ నల్లజాతి తల్లిదండ్రుల కేసు వచ్చింది. తమ పిల్లలకు సమానమైన బడులు కావాలన్న ఆ దావాను, వేర్పాటునే సవాలు చేసేలా తిరిగి వేయమని 1950లో వేరింగ్ ఆ తల్లిదండ్రుల న్యాయవాది థర్గుడ్ మార్షల్‌కు సూచించారు. న్యాయమూర్తి ఒక పక్షానికి దారి చూపడం తగునా అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ వసతులు సమానంగా ఉంటే వేర్పాటు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పిన 1896 నుంచి న్యాయస్థానాలు పక్కకు నెడుతూ వచ్చిన ప్రశ్నను సూటిగా అడిగించడానికి అంతకన్నా వేరే మార్గం కనిపించదు. రాష్ట్ర చట్టాన్నే సవాలు చేస్తే కేసు ముగ్గురు న్యాయమూర్తుల ముందుకు వెళుతుంది. అక్కడ ఓడినా అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే చేరుతుంది. 1951 జూన్‌లో మిగతా ఇద్దరూ వేర్పాటును సమర్థించగా, వేర్పాటు దానంతటదే అసమానత అని వేరింగ్ ఒక్కరే రాశారు. బ్రౌన్ తీర్పులో కలిసిన అయిదు కేసుల్లో ఇదొకటి.

అప్పటికే ఇంటిపై రాళ్లు పడ్డాయి, పాత స్నేహితులు ముఖం చాటేశారు. 1952లో పదవి విరమించి ఆయన న్యూయార్క్ వెళ్లిపోయారు. 1968లో అంత్యక్రియలకు చార్ల్‌స్టన్ తీసుకువచ్చినప్పుడు హాజరైనవారిలో అత్యధికులు నల్లజాతీయులే. అక్కడి ఫెడరల్ కోర్టు భవనానికి మాజీ సెనేటర్ ఎర్నెస్ట్ హోలింగ్స్ పేరు ఉండేది; దాన్ని తీసి వేరింగ్ పేరు పెట్టమని కోరింది హోలింగ్సే, 2015లో ఆ మార్పు జరిగింది.