మీ పాటలు గూగుల్‌కి ఎందుకు దొరకలేదంటే

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. వేసవి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని, తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు, ఊయల పాటలు రాసుకొచ్చి సైటు పెట్టారని తెలిసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మొన్న ఫోన్లో చిన్నది "అమ్మమ్మా, పాట మొదటి పాదం మొత్తం కొట్టినా గూగుల్లో మన సైటు రావట్లేదు, మన పాటలు మంచివి కావేమో" అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నాలుగు రోజులు కూర్చుని మీ సైటంతా పేజీ పేజీ చూశాను. లోపం పాటల్లో లేదర్రా.

నేను ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేశాను కదా. కొత్త పుస్తకం వస్తే రిజిస్టర్లో ఎక్కించి, నంబరు వేసి, కేటలాగు కార్డు రాశాకే బీరువాలో పెట్టేవాళ్ళం. కార్డు లేని పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్టే. గూగుల్ పనీ అలాంటిదే. మనం అడిగినప్పుడు అది లోకంలో ఉన్న సైట్లన్నీ అప్పటికప్పుడు తిరిగి రాదు. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం ముందే లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి వెళ్ళి, చదివి, సూచిక రాసి పెడుతుంది. మనకు జవాబు ఆ సూచికలోంచే వస్తుంది. సూచికలోకే ఎక్కని పేజీకి ఎన్నో స్థానం అన్న ప్రశ్నే లేదు.

మీ సైటు ఎందుకు ఎక్కలేదో చెప్తాను. సైటు కడుతున్న రోజుల్లో, సగం పని ఎవరికీ కనబడకూడదని మీరు సైటు కట్టిన సాధనం వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టారు, సెర్చ్ ఇంజన్లు ఈ సైటు జోలికి రావద్దని చెప్పే టిక్కు. పని పూర్తయ్యాక దాన్ని తీయడం మరిచారు. అది ప్రతి పేజీలోనూ నోఇండెక్స్, అంటే సూచికలో ఎక్కించొద్దు అనే ఆజ్ఞ పెడుతుంది. గూగుల్ దాన్ని బుద్ధిగా పాటించింది, అంతే. పెద్ద పెద్ద సంస్థల్లో కూడా జరిగే పొరపాటే ఇది, మీరు నొచ్చుకోవద్దు. దీనితో కలిసి తికమక పెట్టేది ఇంకొకటుంది, రోబోట్స్ ఫైలు. 1994 నుంచి ఉన్న పద్ధతి. ఏ పేజీలకు ప్రోగ్రాములు రాకూడదో అందులో రాస్తారు. అయితే అది వాకిట్లో ఆపుతుంది, నోఇండెక్స్ మాట లోపల రాసి ఉంటుంది. వాకిట్లోనే ఆపేస్తే లోపల రాసింది చదివేదెవరు? అందుకే రెండూ ఒకే పేజీకి పెడితే, దాచాలనుకున్న పేజీ చిరునామా ఒక్కోసారి ఫలితాల్లో కనబడుతూనే ఉంటుంది.

టిక్కు తీసేయండి. కానీ అంతటితో అయిపోదు. మొదటి పేజీలో పది పాటలే కనబడుతున్నాయి, మిగతావి "ఇంకా చూపించు" అన్న బటన్ నొక్కితేనే వస్తున్నాయి. గూగుల్‌బాట్ బటన్లు నొక్కదు. దానికి మామూలు లింకు కావాలి. పాటలన్నిటి పేర్లతో ఒక జాబితా పేజీ పెట్టి, ఒక్కో పేరుకీ ఒక్కో లింకు ఇవ్వండి.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి. మీరు నోట్సులో చేత్తో రాసుకున్న పాటల్ని ఫొటోలు తీసి పెట్టారు. మీ చేతిరాత నాకెంతో ఇష్టం, వాటిని తీసేయమనను. కానీ అక్కడ మనకు పాట కనబడుతుంది, యంత్రానికి బొమ్మ కనబడుతుంది. బొమ్మలో అక్షరాలు గుర్తుపట్టే సాధనాలు ఇప్పుడున్నా, మీ గొలుసుకట్టు రాతని గూగుల్ మాటకు మాట చదివి సూచికలో పెట్టుకుంటుందని నమ్ముకోలేం. ఊళ్ళో వాళ్ళు ఎప్పుడో అచ్చు వేయించిన పాటల పుస్తకం పీడీఎఫ్ పరిస్థితి ఇంకా దారుణం. చూడ్డానికి ముత్యాల్లాంటి తెలుగు. ఒక పాదం కాపీ చేసి మెసేజిలో పేస్టు చేయండి, ఇంగ్లీషు గుర్తుల గందరగోళం వస్తుంది.

ఎందుకంటే అచ్చు పనికి కంప్యూటర్లో వాడే పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గడిలో తెలుగు అక్షరం ముక్కని గీసి పెట్టేవారు, తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. ఏ ఫాంటు లెక్క దానిదే. పైకి తెలుగు, అడుగున ఇంగ్లీషు. యంత్రం చదివేది అడుగున ఉన్నదాన్నే. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ఉమ్మడి పద్ధతి యూనికోడ్, అది 1991లోనే తెలుగుకు 128 గడులు కేటాయించింది. అందులో "క" సంఖ్య 3093, ప్రపంచంలో ఏ ఫోన్లోనైనా అదే. కానీ ఇళ్ళలో ఉండే మామూలు కంప్యూటర్లకు అది అందడం 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక మొదలైంది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మన పత్రికలు సొంత ఫాంట్లతోనే సైట్లు నడిపాయి. ఆ పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పద్మ అనే సాధనం ఉండేది. అది చదివేవాళ్ళ కష్టం తీర్చింది గాని, వెతికే యంత్రానికి ఆ తెలుగు చీకట్లోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో పాఠకులు వచ్చి ఫలానా వార్త కావాలంటే, ఉందని తెలిసి కూడా వెతికి ఇవ్వలేకపోయేదాన్ని. మీ పాటలకు ఆ గతి పట్టకూడదు.

కాబట్టి ప్రతి పేజీకీ ఆ కాపీ పరీక్ష పెట్టండి. తెలుగు తెలుగులాగే పేస్టు అయితే యంత్రమూ చదవగలదు. కానివన్నీ యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చే సాధనాలకు లొంగనివి మళ్ళీ టైపు చేయాల్సిందే. పాటలో "వత్తన్నాడు" అని ఉంటే అలాగే ఉంచండి, దాన్ని "వస్తున్నాడు" అని దిద్దితే పాట చచ్చిపోతుంది. కింద నాలుగు మాటల్లో అర్థం రాయండి. వాడుక భాషలో వెతికేవాళ్ళకు ఆ మాటలు తగుల్తాయి. అమెరికాలో ఉన్న మీ అత్తయ్య తెలుగు మాటల్ని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతుంది, అలాంటి వాళ్ళ కోసం పాట పేరు ఒక్కసారి ఆ అక్షరాల్లోనూ ఇవ్వండి.

చిన్నవి కొన్ని ఉన్నాయి. పేజీలన్నిటికీ శీర్షిక "హోమ్" అనే ఉంది, ఏ పాటకు ఆ పాట పేరు పెట్టండి. ఫొటోలు ఒక్కోటి ఐదారు ఎంబీలున్నాయి, కుదించండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ అంటుంది, పైగా అది చూసేది ఫోన్లో కనబడే పేజీనే. మన ఊరి సిగ్నల్లో మీ మొదటి పేజీ తెరుచుకునేలోపు నేను కాఫీ కలుపుకొచ్చాను. అయితే వేగం కోసం పాటలు మాత్రం తగ్గించకండి, పేజీలో ఏముందన్నదే ముందు లెక్కకొస్తుంది. డబ్బిస్తే మొదటి స్థానంలో కూర్చోబెడతామని ఎవరైనా మెయిల్ పంపితే జవాబివ్వకండి, ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఇవన్నీ సరిచేశాక, సైటు పెట్టినవాళ్ళ కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో పాటల పేజీల చిరునామాలు ఇచ్చి మళ్ళీ చూడమని అడగండి. రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. రోజూ కొట్టి చూసుకుని దిగులు పడొద్దని చిన్నదానికి చెప్పండి.

అన్నట్టు, మీ తాతమ్మ ఊయల పాట ఫొటోలో మూడో చరణం కాగితం మడతలో పోయింది. నాకు నోటికొచ్చు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేయండి, నెమ్మదిగా పాడతాను, టైపు చేసుకుందురుగాని.

మీ అమ్మమ్మ