గంజు అంచున జారే చాయ, సూరుకు వేలాడే గొలుసు

ఆరుద్ర కార్తెలో హనుమకొండకు సరైన ముసురు పట్టింది. మా ఇంటి ముందు రేకుల పోర్టికో మూలన ఈ ఏడాది పైపు లేదు, దాని బదులు పది అడుగుల ఇనుప గొలుసు వేలాడుతోంది. గట్టర్‌లో చేరిన వాన నీళ్లు ఆ గొలుసు వెంట దిగి, కింద పెట్టిన పాత రోట్లో పడుతున్నాయి. ఎదురింటి అమ్మాయి గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చివరికి అడిగేసింది. "సార్, నీళ్లు సక్కగ కింద పడొచ్చు గదా? గొలుసు పట్టుకొని ఎందుకు దిగుతున్నయి?"

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, ఆ పాఠం ప్రతి ఏడూ చెప్పాను. సబ్బు బుడగ లోపల అధిక పీడనం ఎంతో పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చాయ వంచేటప్పుడు అది కప్పులో పడకుండా గంజు అంచు వెంట అడుగుకు ఎందుకు జారుతుందని ఒకసారి క్లాసులో అడిగితే, "అది ఎంసెట్‌లో రాదు సార్" అన్నాడొకడు. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఈ అమ్మాయి ప్రశ్నకు జవాబు మాత్రం ఆ చాయలోనే ఉంది.

గంజును ఒక్క ఊపున వంచండి. ధార అంచును వదిలేసి ముందుకు దూకుతుంది. భయం భయంగా, మెల్లగా వంచండి. చాయ అంచు దగ్గర మలుపు తిరిగి, గంజు బయటి గోడను పట్టుకుని, అడుగు దాకా జారి, గ్యాస్ పొయ్యి మీద కారుతుంది. 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త దీనికి 'టీపాట్ ఎఫెక్ట్' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది జోసెఫ్ కెల్లర్ అనే గణితవేత్త దాన్ని లెక్క కట్టి చూపించాడు. అంచు దగ్గర మలుపు తిరిగే నీటిలో, గోడకు ఆనుకున్న పొర వేగం ఎక్కువ. వేగం ఎక్కువున్న చోట పీడనం తక్కువ. బయటి గాలి పీడనం అంతకంటే ఎక్కువ కాబట్టి ధారను గోడకేసి నెడుతుంది. అంటే గంజు చాయను లాక్కోవడం లేదు, గాలి చాయను గంజు మీదికి తోస్తోంది. ధార ఒకసారి గోడకు తగిలాక నీటికీ లోహానికీ ఉన్న అతుకుడు గుణం దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. ధార వేగం పెరిగితే దాని ఊపు ఈ రెంటినీ మించిపోతుంది, అప్పుడు అంచును వదిలేస్తుంది.

మన మేస్త్రీలకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కిటికీ మీద సజ్జ పోసేటప్పుడు, దాని అడుగు భాగంలో అంచుకు కాస్త లోపలగా సన్నటి గాడి తీస్తారు. వాన నీళ్లు సజ్జ అంచున మలుపు తిరిగి అడుగు వెంట గోడ వైపు పాకుతూ వస్తాయి, సరిగ్గా గంజు కింద చాయలాగే. గాడి దగ్గరికొచ్చేసరికి ముందుకు పోవాలంటే పైకి ఎక్కాలి. ఎక్కలేక అక్కడే చుక్కలై రాలిపోతాయి. ఆ గాడి తీయని సజ్జల కింద గోడ మీద ఆకుపచ్చ చారలు ఎన్ని ఇళ్లకు కనబడతాయో ఓసారి వీధిలో నడుస్తూ చూడండి.

సజ్జ గాడి నీటిని వదిలించే ఉపాయం. దాన్ని తిరగేస్తే, నీటిని పట్టి ఉంచి మనకు కావాల్సిన చోటికి నడిపించే ఉపాయం అవుతుంది. కెమిస్ట్రీ ల్యాబులో బీకరు అంచుకు గాజు కడ్డీ ఆనించి ద్రావణాన్ని వంచుతారు. వంటింట్లో నూనెను సన్నమూతి సీసాలో పోయాలంటే ఒక పుల్ల నిలబెట్టి దాని వెంట పోస్తారు. శివలింగం మీద వేలాడే ధారాపాత్ర అడుగు చిల్లులోంచి దర్భ పుల్లనో నూలు దారాన్నో దించడం చూసే ఉంటారు. నీళ్లు దాని వెంట సన్నగా, ఎడతెగకుండా, పక్కకు చిందకుండా దిగుతాయి. వేయిస్తంభాల గుడికి వెళ్లినప్పుడు రుద్రేశ్వరుడి ముందు నిలబడి నేను దండం పెడుతూ ఆ ధారను కూడా చూస్తుంటాను. మా ఆవిడకు నా భక్తి మీద అనుమానం అందుకే.

వాన గొలుసు జపాన్ వాళ్లది. వాళ్ల భాషలో 'కుసరి దోయి', అంటే గొలుసు తూము. అక్కడి గుళ్లకూ, టీ సేవించే చిన్న ఇళ్లకూ సూరు మూలల్లో వేలాడదీస్తారు. నిజానికి అది దర్భ పుల్ల బదులు గొలుసు దించిన ధారాపాత్ర, అంతే.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నలో రెండో సగం. నీళ్లు నేరుగా పడితే నష్టమేంటి? వంటింటి నల్లాను సన్నగా తిప్పి చూడండి. పైన ధార గాజు కడ్డీలా నున్నగా ఉంటుంది. కిందికి పోయే కొద్దీ సన్నబడి, అలలు తిరిగి, చుక్కలుగా తెగిపోతుంది. ధారను తెంపేది తలతన్యతే. నీటికి తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకునే గుణం ఉంది. పొడవాటి స్తంభంగా ఉండటం కంటే గుండ్రటి చుక్కలుగా ఉంటే ఉపరితలం తక్కువ. ధార చుట్టుకొలత కంటే పొడవైన అల ఏది పుట్టినా అది పెరిగి పెరిగి ధారను తెంపుతుందని బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో తేల్చాడు. ఆయనకు చూపు పోయింది. మిగతావాళ్లు ప్రయోగం చేసి చూసింది చెప్తుంటే విని ఇవన్నీ రాశాడు, 1873లో పుస్తకం వేశాడు. ఆ అలల్లో అన్నిటికంటే వేగంగా పెరిగేది ధార వ్యాసానికి దాదాపు నాలుగున్నర రెట్లు ఉంటుందని 1878లో లార్డ్ రేలీ లెక్క తేల్చాడు. నాలుగు మిల్లీమీటర్ల ధార అయితే 18 మిల్లీమీటర్లకొక చుక్క.

గట్టర్ నుంచి పది అడుగులు, అంటే సుమారు మూడు మీటర్లు నేరుగా పడిన చుక్క నేలను తాకేటప్పుడు వేగం సెకనుకు 7.7 మీటర్లు. గంటకు 28 కిలోమీటర్లు. గల్లీలో స్కూటీ వేగం. అలాంటి చుక్కలు ఒకదాని వెనక ఒకటి మట్టిని కొడితే గుంత పడుతుంది, గోడకు మోకాలెత్తు దాకా బురద చిందుతుంది. పాత గూన పెంకుల ఇళ్లలో సూరు కింద వరసగా చిన్న చిన్న గుంతలు ఉండేవి గుర్తుందా? ఆ చుక్కలు చేసినవే.

గొలుసు వెంట దిగే నీళ్లకూ ఆ చుక్కలయ్యే బుద్ధి పోదు. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి చూస్తే, కడ్డీ చుట్టూ సన్నటి పొర, దాని మీద పూసలు పూసలుగా నీటి ఉబ్బులు పరుగెత్తుతుంటాయి. వెనకది లావుగా ఉంటే ముందున్న సన్నదాన్ని అందుకుని మింగేసి ఇంకా వేగంగా పోతుంది. కానీ పూస గొలుసును వదిలి పోదు, ఎందుకంటే గొలుసు పూస మధ్యలోంచి పోతోంది. దండలోని పూస దారాన్ని వదిలి పోలేనట్టే.

ఇక వేగం. అర మిల్లీమీటరు మందం ఉన్న నీటి పొర నిట్టనిలువు లోహం మీద జారుతుంటే, స్నిగ్ధత, అంటే నీటి పొరల మధ్య రాపిడి, దాన్ని ఎంత ఆపుతుందో చిన్న సూత్రంతో లెక్క కట్టవచ్చు. మందాన్ని రెట్టింపు చేస్తే వేగం నాలుగింతలు అవుతుందని ఆ సూత్రం చెప్తుంది. అర మిల్లీమీటరుకు వచ్చేది సెకనుకు సుమారు 0.8 మీటర్లు. చంటిపిల్ల చెయ్యి పట్టుకుని నడిపించే వేగం. స్కూటీ వేగంతో పోలిస్తే దాదాపు పదో వంతు, కాబట్టి నేలను కొట్టే శక్తి సుమారు తొంభయ్యో వంతు. మిగతా శక్తి ఏమైందంటే వేడిగా మారింది. గొలుసు దిగేసరికి నీళ్లు వేడెక్కేది డిగ్రీలో వందో వంతు కూడా కాదు, కాబట్టి గొలుసు కింద వేన్నీళ్ల స్నానం ఆశించకండి.

అదే సూత్రం గొలుసు హద్దును కూడా చెప్తుంది. ఆరు మిల్లీమీటర్ల కడ్డీ, లంకెకు రెండు కాళ్లు, చుట్టూ అర మిల్లీమీటరు పొర. లెక్క వేస్తే నిమిషానికి ఒక లీటరుకు కాస్త తక్కువే దిగుతుంది. మా పోర్టికో పన్నెండు అడుగులకు పది, అంటే దాదాపు 11 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గంటకు ఐదు మిల్లీమీటర్ల ముసురులో నిమిషానికి ఒక లీటరు లోపే వస్తుంది, గొలుసుకు సరిగ్గా సరిపోతుంది. గంటకు 50 మిల్లీమీటర్లు దంచికొడితే నిమిషానికి తొమ్మిది లీటర్లు దాటుతుంది. అప్పుడు పొర మందం పెరిగి, వేగం పెరిగి, మెల్లగా వంచిన గంజు కాస్తా ఒక్క ఊపున వంచిన గంజు అవుతుంది. నీళ్లు లంకె లంకెకూ ఎగిరి పక్కకు చిందుతాయి. లంకెల బదులు అడుగు లేని గిన్నెలను ఒకదాని కింద ఒకటి కట్టిన గొలుసులైతే ఇంకాస్త తట్టుకుంటాయి. ఆన్‌లైన్‌లో రాగివి వేలల్లో ఉన్నాయి. పెంబర్తి ఇత్తడి పనివాళ్లతో చేయించుకుంటే ఎలా ఉంటుందో అని నాకు చిన్న ఆశ.

కాబట్టి మొత్తం స్లాబు నీటిని గొలుసుకు అప్పగించకండి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఆ వాన పడితే అరవై వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. దానికి గొలుసేం చేస్తుంది? మా స్లాబుకు నాలుగించుల పైపులు ఎప్పట్లాగే ఉన్నాయి, అవి ఇంకుడు గుంతలోకి పోతాయి.

బిగించే పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు గానీ, రెండు చోట్ల నేను దెబ్బ తిన్నాను. మొదటిది, పాత పైపు తీసేశాక గట్టర్‌లో మిగిలిన నాలుగించుల చిల్లు. మధ్యలో కడ్డీ అడ్డంగా పెట్టి గొలుసు తగిలించాను. మొదటి వానకు నీళ్లు గొలుసు మొహం చూడలేదు. చిల్లు అంచున మలుపు తిరిగి, గట్టర్ అడుగు వెంట పాకి, నేరుగా గోడ మీదికి పోయాయి. చాయ పాఠం చెప్పిన పంతులు పోర్టికోకే టీపాట్ ఎఫెక్ట్! తర్వాత ఒకటిన్నర అంగుళాల పీవీసీ ముక్కను, అంచు పదునుగా కోసి, గట్టర్ కింద అంగుళం దిగేలా చిల్లులో అతికించి, గొలుసును దాని మధ్యలోంచి దించాను.

రెండోది ఇంకా చిత్రం. హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన కొత్త జీఐ గొలుసుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంది. నూనె మీద నీళ్లు పరుచుకోవు, తామరాకు మీద బొట్టులా ముద్దకడతాయి. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం, స్పర్శ కోణం అని పుస్తకంలో ఉండేది ఇదే. నేను గొలుసు పై సగాన్ని మాత్రం గిన్నెలు తోమే సబ్బుతో రుద్ది, కింది సగాన్ని అలాగే వదిలేశాను. "గంజులు తోమమంటే నడుం నొప్పంటడు, గొలుసు మాత్రం తోముతడు" అని లోపలి నుంచి వినబడింది. మగ్గుతో గట్టర్‌లో నీళ్లు పోశాను. సగం దాకా నీళ్లు బుద్ధిగా దిగాయి. సరిగ్గా సబ్బు ఆగిన లంకె దగ్గర ముద్దలు కట్టి, అటూ ఇటూ ఊడి, నా చొక్కా మీద పడ్డాయి. కింది సగం కూడా తోమేశాక గొడవ లేదు.

గొలుసు చివరను రోట్లో ఒక రాయికి కట్టాను, లేకపోతే గాలికి ఊగి గోడకు కొట్టుకుంటుంది. రోట్లో అంచుదాకా గులకరాళ్లు నింపాను. వారం రోజులు నీళ్లు పైకి తేలి నిలిస్తే చాలు, డెంగీ దోమ గుడ్డు పెట్టి పిల్లల్ని లేపేస్తుంది.

బిగించిన రోజు మేస్త్రీ వచ్చి, "సార్, గిది ఆగ్నేయం మూల, నీళ్లు ఈశాన్యానికి పోవాలె గదా" అన్నాడు. నీటికి తెలిసిన దిక్కు కిందికొక్కటే అన్నాను. పక్కింటి పెద్దాయన భయం వేరు. ఇనుప గొలుసు పిడుగును పిలుస్తుందట. పిడుగు ఎత్తునూ మొననూ వెతుక్కుంటుంది, పోర్టికో కింద వేలాడేదాన్ని ప్రత్యేకంగా వెతకదు. అయితే ఉరిమేటప్పుడు తడి గొలుసును, ఆ మాటకొస్తే ఏ ఇనుప వస్తువునూ, పట్టుకోకూడదు. ఆయన అర్జున, ఫల్గుణ అని పది పేర్లు చదువుతానంటే చదవమన్నాను. మెరుపు మెరవగానే మొదలుపెట్టి పది పేర్లూ ఆరు సెకన్లలో పూర్తయ్యేసరికి ఉరుము వినబడితే పిడుగు రెండు కిలోమీటర్ల దూరంలో పడినట్టు. ఇంట్లోకి పరుగెత్తడానికి అది చాలినంత దగ్గర.

అమ్మాయి ప్రశ్న అడిగిన రోజు మాత్రం ఉరుములేమీ లేవు, వట్టి ముసురే. ఇదంతా విన్నాక ఆ అమ్మాయి గొడుగు మడిచి పోర్టికో కిందికి వచ్చింది, గొలుసుకు చూపుడు వేలు ఆనించింది. నీళ్లలో సగం గొలుసును వదిలి వేలెక్కాయి, అరచేతి అడుగు నుంచి ముంజేతి మీదుగా పాకి, మోచేతి దగ్గరికొచ్చి ఆగి, అక్కడి నుంచి చుక్కలుగా రాలాయి. మోచేతిని కాస్త పైకెత్తింది. చుక్కలు రాలే చోటు ముంజేతి మధ్యకు వచ్చింది. "సార్, సజ్జ గాడి!" అంది.