కలుపు మందుకు జిగురు మందు తోడైతే

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

కలుపు మందులో కలిపే జిగురు మందులు నిజంగా పనిచేస్తాయా, చేస్తే ఆ మేలును ఎలా కొలుస్తారని అడిగారు. చూడటానికి చిన్న ప్రశ్నే గానీ, దీన్ని తప్పుగా కొలవడం చాలా సులువు.

ముందుగా ఆకు సంగతి చెబుతాను. ఆకు మీద సన్నని మైనపు పొర ఉంటుంది. నీటి తలతన్యత, అంటే నీటి పైపొరను బిగించి ఉంచే లాగుడు, మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు కావడం వల్ల, మందునీటి చుక్క ఆ పొరపై పరచుకోకుండా పూసలా నిలిచి, ఆకు కాస్త వంగితే చాలు, జారిపోతుంది. సబ్బులా ఆ లాగుడును తగ్గించే జిగురు మందును సర్ఫాక్టెంటు అంటారు. అది కలిపితే తలతన్యత 30 దరిదాపులకు దిగి, అదే చుక్క పల్చబడి ఆకును అంటుకుంటుంది. భూతద్దం పెట్టి చూస్తే దాని అంచు ముందుకు పాకడం కూడా కనిపిస్తుంది. ఇలాగే మందులో కలిపే అమ్మోనియం సల్ఫేట్ పని వేరు: కఠిన జలంలోని కాల్షియం, కలుపు మందైన గ్లైఫోసేట్‌ను పట్టేసుకోకుండా అది అడ్డుపడుతుంది. అందుచేత చుక్క ఎంత పరచుకుందో చూసి ఫలితం తేల్చడం కుదరదు, మొక్కనే చూడాలి.

ఒకే వయసు మొక్కలను కుండీలలో పెంచి, కొన్నింటికి ఏమీ చల్లకుండా వదిలి, మిగిలినవాటిలో కొన్నింటికి మందు మాత్రమే, కొన్నింటికి మందూ జిగురూ కలిపి, కొన్నింటికి జిగురు ఒక్కటే పిచికారి చేస్తారు. ఈ చివరి వరుస దండగనిపించవచ్చు గానీ, జిగురుగా కలిపే కొన్ని నూనెలు మందు లేకుండానే ఆకును మాడుస్తాయి కాబట్టి దాన్ని వదలకూడదు.

అన్నిటికంటే ముఖ్యం మోతాదు. పూర్తి మోతాదు చల్లితే జిగురు ఉన్నా లేకున్నా కలుపు చస్తుంది, అప్పుడు తేడా ఎక్కడా కనపడదు. అందుకే సగం, పావు, అందులో సగం, ఇలా తగ్గిస్తూ చల్లి, రెండు మూడు వారాల తర్వాత మొక్కలను కోసి, ఆరబెట్టి, పొడి బరువు తూస్తారు. పెరుగుదలను సగానికి తగ్గించే మోతాదు జిగురు లేనప్పుడు ఎంత, ఉన్నప్పుడు ఎంత అని పోలిస్తే మేలు ఎంతో అంకెల్లో తేలుతుంది.

అసలు చిక్కు పైరు దగ్గర వస్తుంది. కలుపులోకి మందును దింపే జిగురు పైరులోకి కూడా దింపుతుంది. అలా దిగిన మందును విరగ్గొట్టుకునే శక్తికి పైరులో హద్దు ఉంటుంది. కాబట్టి పైరు మీద తక్కువ మోతాదులు కాక, సిఫారసు మోతాదునూ దానికి రెట్టింపునూ చల్లి చూడాలి. పైరులో 10 శాతం నష్టం కలిగించే మోతాదును, కలుపును 90 శాతం అణచే మోతాదుతో భాగిస్తే వచ్చే అంకె జిగురు కలిపాక పెరిగితేనే నేను దాన్ని మంచి జిగురు అంటాను. రెండు మోతాదులూ ఒకే పాళ్లలో తగ్గితే మందు ఖర్చు కలిసివస్తుందే తప్ప పైరుకు భద్రత పెరిగినట్టు కాదు.

మీ తాతయ్య