బీటానా, వీటానా: 1542 నుంచి తెగని గ్రీకు పంచాయితీ

ప్రాచీన గ్రీకును ఎలా పలకాలన్న పాత తగాదా మళ్ళీ రాజుకుంది. యునెస్కో 2025లో ఫిబ్రవరి 9ని ప్రపంచ గ్రీకు భాషా దినంగా ప్రకటించింది. ప్రాచీన కవి హోమర్ నుంచి నేటి దాకా మాది ఒకే భాష, తెగని ధార అన్న మాట అప్పటి నుంచి ఏథెన్స్‌లో ఇంకా గట్టిగా వినబడుతోంది. అదే హోమర్‌ను బయటి దేశాల పండితులు చదివితే మాత్రం సగటు గ్రీకు పౌరుడికి చెవికెక్కదు. మా తాతల భాషను మాకే నేర్పడానికి మీరెవరు అని వాళ్ళ కోపం. రెండున్నర వేల ఏళ్ళలో ఏ భాషైనా నోట్లో మారకుండా ఉంటుందా అని వీళ్ళ వాదన.

నేర్చుకునేవాడికి మొదటి పాఠంలోనే చిక్కు మొదలవుతుంది. లెక్కల క్లాసు పుణ్యమా అని మనకు ఆల్ఫా, బీటా, థీటా అన్నీ చిన్నప్పుడే పరిచయం. కానీ నేటి గ్రీసులో రెండో అక్షరం పేరు వీటా. ఏడో అక్షరం ఈటాను విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఏ అని చదివితే, ఏథెన్స్‌లో ఈ అని చదువుతారు. ఈటా, ఇయోటా, ఉప్సిలాన్, వాటికి తోడు మూడు జంటాక్షరాలు, అన్నీ కలిపి ఆరు రాతలకు నేటి గ్రీకులో ఒకటే ధ్వని, ఇ.  నేటి గొడవకు అసలు ముడి పడింది గ్రీసులో కాదు, ఇంగ్లండ్‌లో.

1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనానికి కాస్త ముందూ వెనకా ఇటలీ చేరిన గ్రీకు పండితులు తాము మాట్లాడే తీరులోనే ప్రాచీన గ్రంథాలను చదివి పాఠం చెప్పారు. యూరప్ అదే నేర్చుకుంది. 1528లో డచ్ పండితుడు ఎరాస్మస్ ఒక ఎలుగుబంటికీ సింహానికీ మధ్య సంభాషణగా పుస్తకం రాసి, పాత ఉచ్చారణ ఇది కాదని వాదించాడు. ఆయన్ను ఎవరో ఆటపట్టించడానికి చెప్పిన కట్టుకథే దీనికి మూలమని గ్రీకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ అచ్చులోకి వచ్చింది ఆయన పోయి దాదాపు వందేళ్ళయ్యాక. పైగా ఆయనకంటే ముందే స్పెయిన్‌లో నెబ్రిహా, వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అదే సందేహం లేవనెత్తారు. ఎరాస్మస్ అయితే రాసి ఊరుకున్నాడు, తాను మాత్రం ఆ గ్రీకు పండితులు నేర్పిన పద్ధతిలోనే మాట్లాడుతూ పోయాడు.

ఊరుకోనివాళ్ళు కేంబ్రిడ్జి కుర్రాళ్ళు. జాన్ చీక్, థామస్ స్మిత్ ఇద్దరూ ఇరవైల్లో ఉండగా, 1535 ప్రాంతంలో ఎరాస్మస్ చెప్పిన కొత్త ఉచ్చారణను పాఠాల్లోకి తెచ్చారు. విద్యార్థులు ఎగబడ్డారు. 1540లో చీక్ అక్కడి మొదటి రాజనియమిత గ్రీకు ఆచార్యుడయ్యాడు. అదే ఏడాది రాజు హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ తల తెగిపడితే, ఆయన వదిలిన విశ్వవిద్యాలయ ఛాన్సలర్ పదవి వించెస్టర్ బిషప్ స్టీఫెన్ గార్డినర్‌కు దక్కింది.

1542 మేలో గార్డినర్ ఉత్తర్వు వెలువడింది. ఆల్ఫా-ఇయోటా జంటను ఎప్సిలాన్ నుంచి వేరుగా పలకకూడదు. ఓమిక్రాన్-ఇయోటా, ఎప్సిలాన్-ఇయోటా జంటలను ఇయోటా నుంచి వేరుచేయకూడదు. ఈటా, ఇయోటా, ఉప్సిలాన్ మూడింటికీ ఒకటే ధ్వని. తేడా చూపాలంటే రాతలో చూపండి. మీరినవాడు పెద్దవాడైతే విశ్వవిద్యాలయ సభ నుంచి వెలి, పట్టా కోరేవాడైతే పట్టా లేదు, స్కాలర్ అయితే ఆ హోదా ఊడుతుంది, చిన్నవాడైతే బెత్తం దెబ్బలు. అచ్చుల పలుకుబడి మీద ఇన్ని శిక్షలు పెట్టిన ఉత్తర్వు ఇంకొకటి ఉందేమో నాకైతే తెలియదు.

గార్డినర్‌ను మూర్ఖుడని కొట్టిపారేయడం తేలిక. కానీ పాతకాలం వాళ్ళు కూడా నాలాగే పలికారని ఆయన పట్టుబట్టలేదు. ధ్వనుల విషయంలో తత్వవిచారం వద్దు, ఇప్పుడున్నవే వాడండి అన్నాడు. నలుగురి వాడుకను ఇద్దరు కుర్రాళ్ళు ఎలా మారుస్తారన్నదే ఆయన ప్రశ్న. రోమ్‌తో ఇంగ్లండ్ చర్చి తెగతెంపులు చేసుకున్న రోజులవి. ఈరోజు అచ్చులు మార్చినవాడు రేపు ప్రార్థన మార్చడా అన్న భయం ఊహించుకోదగ్గదే. సరిగ్గా ఇక్కడే తగాదా దారి తప్పిందని నాకనిపిస్తుంది. ఏథెన్స్ వాళ్ళు ఎలా పలికారు అన్న ప్రశ్న పోయి, తేల్చే హక్కు ఎవరిది అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. ఇవాళ ఏథెన్స్ టీవీ చర్చల్లో నడిచేది కూడా ఆ రెండో ప్రశ్నే.

చీక్ లాటిన్‌లో లేఖల మీద లేఖలు రాశాడు. వాటిని 1555లో బాసెల్‌లో అచ్చు వేశారు. స్మిత్ లేఖ 1568లో పారిస్‌లో వెలువడింది. మధ్యలో మేరీ రాణి కాలంలో గార్డినర్ తిరిగి అధికారానికి రాగానే ఉత్తర్వుకు మళ్ళీ ప్రాణం పోశాడు. 1555లో ఆయన పోయాడు, 1558లో ఎలిజబెత్ రాగానే ఉత్తర్వూ పోయింది. ఆమెకు గ్రీకు నేర్పిన రోజర్ ఆస్కమ్ చీక్ శిష్యుడు మరి.

సాక్ష్యాల సంగతికొస్తే అవి ఒకవైపే మొగ్గుతాయి. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ నాటకకర్త క్రాటినస్ తునకలో ఒక మూఢుడు గొర్రెలా అరుస్తూ తిరుగుతాడు. ఆ అరుపు బీటా-ఈటా, బీటా-ఈటా అని రాసి ఉంది. చీక్ నేర్పిన పద్ధతిలో చదివితే బే బే. నేటి ఏథెన్స్ పద్ధతిలో వీ వీ. వీ అని అరిచే గొర్రెను ఎవరూ చూడలేదు.  

మన బ్రాహ్మీ లిపి ఇచ్చే సాక్ష్యం ఇంతకంటే గట్టిది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు రాజు అగాథోక్లిస్ వేయించిన వెండి నాణేలు 1970లో అఫ్గానిస్తాన్‌లోని ఐ-ఖానుమ్ తవ్వకాల్లో దొరికాయి. ఒకవైపు బలరాముడు, ఇంకోవైపు వాసుదేవుడు. ఒకవైపు గ్రీకు, ఇంకోవైపు బ్రాహ్మీ. గ్రీకు వైపు రాజు పేరులో థీటా ఉన్నచోట, బ్రాహ్మీ చెక్కినవాడు శుభ్రంగా థ వేశాడు. నేటి గ్రీకులు థీటాను పళ్ళ మధ్య నాలుక పెట్టి ఇంగ్లిష్‌వాడి ‘థాంక్స్’లా పలుకుతారు. ఆ నాణెం నాటికి మాత్రం అది మన ఒత్తు థకారమే. ఫీ అనే అక్షరం కూడా అంతే, పకారానికి ఒత్తు. ఆ ఒత్తు కాలక్రమంలో పెదవి కొరికే ధ్వనిగా మారింది. మన టీవీ యాంకర్ల నోట ‘ఫలితం’ ఏమవుతోందో గమనిస్తే అదెలా జరిగి ఉంటుందో ఊహించవచ్చు.

అలాగని గెలిచిన చీక్ పక్షం చేతులు కడిగిన ముత్యాలేమీ కావు. ఇంగ్లిష్ అచ్చులే ఆ తర్వాత తారుమారై, చీక్ ఏ అని నేర్పిన ఈటాను ఇంగ్లిష్ బడిపిల్లలు తిరిగి ఈ అనేశారు. దాన్ని చక్కదిద్దమని అక్కడి క్లాసికల్ అసోసియేషన్ 1908లో చెప్పాల్సివచ్చింది. ఇప్పటికీ ఎరాస్మస్ పద్ధతి పేరుతో నేర్పేదాంట్లో బీటా ఏమో క్రీస్తు పూర్వానిది, థీటా, ఫీ ఏమో క్రీస్తు తర్వాతివి. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలతో కొత్త నిబంధన గ్రీకు చదివే మన బి.డి. (క్రైస్తవ దైవశాస్త్ర పట్టా) విద్యార్థులకు అందేదీ ఎక్కువగా ఈ కలగూరగంపే.

గ్రీసులో పాత ఉచ్చారణ వేరని ఒప్పుకున్న పండితులు లేకపోలేదు. ఆధునిక గ్రీకు భాషాశాస్త్రానికి ఆద్యుడైన హాట్జిడాకిస్ అందులో ముందువరుసవాడు. కానీ బడి, చర్చి ఆ దారి పట్టలేదు. 1982లో అక్షరాల మీద పెట్టే పాత స్వర చిహ్నాలను ఒక్క గుర్తుకు కుదించినప్పుడు సంస్కృతి మంటగలిసిందన్నారు. 2012లో ప్రాథమిక బడి వ్యాకరణం ఒకటి నేటి గ్రీకులో అచ్చు ధ్వనులు ఐదని రాస్తే, ఈటా, ఉప్సిలాన్, ఒమేగాలను ఎత్తేస్తున్నారని గగ్గోలు లేచింది. అక్షరం వేరు, ధ్వని వేరు అని చెప్పడానికి వందకు పైగా భాషావేత్తలు సంతకాలు చేయాల్సివచ్చింది.

ఈ మధ్య మూడో పక్షం తయారైంది. ఇజ్రాయెల్‌లో బైబిల్ భాషలు నేర్పిన రాండల్ బూత్ లాంటివాళ్ళు ఈజిప్టు పపైరస్‌లలోని తప్పుల రాతలను పట్టుకుని, క్రీ.శ. 1వ శతాబ్దపు ఉచ్చారణను కూడగట్టి పాఠం చెబుతున్నారు. చదువు తక్కువవాడు చెవికి వినబడినట్టు రాస్తాడు కదా, ఆ తప్పులే ఆధారం. ఆ లెక్కన ఆల్ఫా-ఇయోటా అప్పటికే ఎ అవుతోంది, ఎప్సిలాన్-ఇయోటా ఎప్పుడో ఇ అయిపోయింది. ఈటా, ఉప్సిలాన్, ఓమిక్రాన్-ఇయోటా మాత్రం ఇంకా ఇకారంలో కలవలేదు. గార్డినర్ ఉత్తర్వులో ఆ శతాబ్దానికి నిలిచేవి రెండు, నిలవనివి మూడు.