చెరువు మత్తడి దుంకిన రోజు పిల్లలకు రాసిన ఉత్తరం

చిరంజీవులు అమ్ములుకు, చింటుకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో చింటు అడిగిన మాట నా మనసులోంచి పోవడం లేదు. “తాతయ్యా, నాన్న మా ఇద్దరి పేరు మీద ఇక్కడి ఫౌండేషన్‌లో ఫండ్ పెడతానంటున్నాడు. ఆ డబ్బేదో ఇప్పుడే పేదవాళ్లకు ఇచ్చేయొచ్చు కదా, అక్కడ దాచడం ఎందుకు?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మీ నానమ్మ అన్నానికి పిలిచింది. చాలా మంచి ప్రశ్న నాన్నా అది. పెద్దవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్న.

ఇవాళ పొద్దున మన చెరువు నిండి మత్తడి దుంకింది, అంటే అలుగు మీంచి నీళ్లు పొంగి పారాయి. ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది. పిల్లలు మత్తడి కింద చేపలకు గుడ్డలు పడుతున్నారు. నేను తూము దగ్గర కూర్చుని ఆ నీళ్లను చూస్తూ ఉంటే, నీకు చెప్పాల్సిందంతా నా కళ్ల ముందే ఉందనిపించింది.

చెరువులోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? పైనున్న గుట్టల మీంచి వాగు ఒకటి వస్తుంది. దానితోపాటు చిన్న చిన్న ఒర్రెలు. మన ఇంటి చూరు నీళ్లు కూడా ఆ వీధి కాలువలోంచి పోయి చెరువులోనే పడతాయి. కలిశాక ఏవి వాగు నీళ్లో, ఏవి చూరు నీళ్లో ఎవరూ చెప్పలేరు. నిండింది కదా అని తూము మొత్తం ఎత్తి ఒక్కరోజులో వదిలేస్తామా? వదిలితే ఇవాళ పొలాలు మునుగుతాయి, యాసంగికి చుక్క ఉండదు.

మీ ఊరి ఫౌండేషన్, అంటే ఊరి మేలుకోసం అందరి దానాలూ ఒకచోట చేర్చి పంచే సంస్థ, అలాంటి చెరువే. ఒక ఇల్లు లక్షల డాలర్లు తెచ్చి పోస్తుంది, ఇంకో ఇల్లు వంద పోస్తుంది. అసలు సొమ్మును కదపకుండా పెట్టుబడిలో పెట్టి, ఏటా వందకు నాలుగో అయిదో తీసి పంచుతారు. అన్ని ఫండ్లూ ఇలా ఉండవు, కొన్ని ఇచ్చిన ఏడాదే ఖర్చయిపోతాయి. కానీ పెద్ద చెరువు నిలిచేది మాత్రం ఈ పద్ధతి మీదే. ఇవాళ ఆకలితో ఉన్నవాడికి ఇవాళే పెట్టాలి చింటూ, దానికి ఏ ఫండూ అక్కర్లేదు. అయితే నువ్వు తాతవయ్యే రోజున కూడా మీ ఊళ్లో ఎవరికో ఒకరికి అవసరం ఉంటుంది. ఆ రోజుకు కూడా నీళ్లుండాలి.

ఇలాంటి ఫౌండేషన్ ప్రపంచంలో మొట్టమొదట పుట్టింది మీరుంటున్న క్లీవ్‌లాండ్‌లోనే. 1914 జనవరి 2న. ఫ్రెడరిక్ గాఫ్ అనే లాయరు అక్కడి క్లీవ్‌లాండ్ ట్రస్ట్ అనే బ్యాంకుకు అధ్యక్షుడు. చనిపోయినవాళ్లు వీలునామాల్లో రాసిపోయిన దానాలను ఆయన దగ్గరినుంచి చూశాడు. రాసినప్పుడు ఎంతో మంచి మనసుతో రాసినవే. కాలం మారాక అవి ఎవరికీ పనికిరాకుండా బ్యాంకులో పడి ఉండేవి. దాన్ని “చచ్చినవాడి చెయ్యి” అనేవారు. ఆ చెయ్యి పట్టు విడవదు.

అమెరికాలోనే సెయింట్ లూయిస్ అనే ఊరి సంగతి చెప్తాను. 1851లో చనిపోయిన బ్రయాన్ ములాన్ఫీ అనే మాజీ మేయరు తన ఆస్తిలో మూడో వంతు ఒక్క పనికే రాసిపోయాడు. అమెరికా పడమటి ప్రాంతంలో స్థిరపడదామని ఆ ఊరి మీదుగా పోయే పేద బాటసారులకు సాయం చేయాలని. ఆ రోజుల్లో బండ్లు కట్టుకుని వేలమంది పోయేవారు, నిజమైన అవసరమే. తర్వాత రైళ్లొచ్చాయి. బాటసారులు తగ్గిపోయారు, డబ్బు మాత్రం పెరుగుతూ కూర్చుంది.

మా తాత కూడా ఇలాంటి పనే చేశాడు. బండ్ల బాట పక్కన చలివేంద్రానికి, ఎడ్లు తాగే తొట్టికి అర ఎకరం రాసిచ్చాడు. వేసవిలో ఆ కుండల్లో వట్టివేళ్లు వేసేవారు. తాటాకు దొన్నెతో తాగితే గొంతులోకి ఆ వాసన దిగేది, ఇప్పటికీ గుర్తుంది. తర్వాత తారు రోడ్డు ఇంకో వైపునుంచి పడింది. తొట్టి ఎండిపోయింది. పక్క వాడకట్టులో ఆడవాళ్లు నీళ్లకు మైలు దూరం నడుస్తున్నా, ఆ అర ఎకరం పంట వాళ్ల బోరింగుకు పెట్టడానికి పెద్దలు ఒప్పుకోలేదు. కాగితంలో ‘ఎడ్లకు’ అని ఉందట. నాకప్పుడు పదిహేనేళ్లు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

అందుకే గాఫ్ ఏమన్నాడంటే, డబ్బు అందరిదీ ఒకచోట పెడదాం, బ్యాంకు దాన్ని కాపాడుతుంది, పంచేది మాత్రం ఊరి మేలు తెలిసిన అయిదుగురు. వాళ్లలో కొందరిని మేయరు, జడ్జీలు నియమించాలి. ఇచ్చినవాడి కోరికను గౌరవిస్తారు. కాలం మారి ఆ కోరిక అర్థం లేనిదైపోతే దాన్ని మార్చే అధికారం వాళ్లకు ఉంటుంది. ఇప్పుడు అమెరికా అంతటా ఇలాంటి ఫౌండేషన్లు వందల్లో ఉన్నాయి.

క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ వాళ్లు చేసిన ఇంకో పని నాకు మరీ నచ్చింది. చేతికి పెద్దగా డబ్బు రాకముందే ఊరిని చూడటం మొదలుపెట్టారు. 1915లో క్లీవ్‌లాండ్ బడులన్నీ పరిశీలించి, చూసిందంతా 25 సంపుటాలుగా అచ్చువేశారు.

దీనికి సరిపోయే మనిషిని నేను చిన్నప్పుడు చూశాను. ఆయన మన చెరువు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో ఆయన చేతిలోనే ఉండేది. భుజం మీద పార వేసుకుని తెల్లవారకముందే ఆయకట్టంతా తిరిగేవాడు. మడిలో దిగి మడమతో గట్టిగా నొక్కేవాడు. ఆ గుంటలో నీరు ఊరితే “దీనికి ఇంకా రెండు రోజులు వద్దు” అనేవాడు. ఒక ఏడు కట్ట పనికి మా నాన్న అందరికంటే ఎక్కువ కూలీలను పెట్టాడు. ఆ హక్కుతో “ముందు మాకు వదులు” అన్నాడు. నీరటి ఎదురు చెప్పలేదు. “ఒక్కసారి నాతో రా పటేలా” అని చివరి మడి దాకా నడిపించుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడ నేల నెర్రెలు విచ్చింది, నా పాదం పట్టేంత. వరి మొనలు ఎర్రబడ్డాయి. ఒక ముసలావిడ గట్టు మీద ఊరికే కూర్చుని ఉంది. మా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. వస్తూ వస్తూ “ముందు వాళ్లకే వదులు” అన్నాడు. తర్వాత ప్రతి ఏడూ వరి పొట్టకొచ్చే వేళకు నన్ను వెంటేసుకుని ఆయనే చివరి మడికి పోయేవాడు.

ఫౌండేషన్ మీలాంటి కుటుంబాలతో చేయాల్సింది సరిగ్గా ఇదే. చెక్కు తీసుకుని రసీదు ఇచ్చి పంపితే అది నీరటి పని కాదు. ఇంటిల్లిపాదినీ చివరి మడికి నడిపించాలి. నాన్న పెట్టే ఫండ్ లాంటివి 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్ అనే ఇలాంటి ఫౌండేషన్‌లోనే మొదలయ్యాయి. ఒకసారి ఇచ్చిన డబ్బు మళ్లీ వెనక్కి రాదు, అది ఊరిది. కానీ ఎవరికి ఇస్తే బాగుంటుందో మీ ఇల్లు సలహా చెప్పొచ్చు. ఆ సంస్థ సరైనదేనా అని వాళ్లు చూసి పంపుతారు. సలహా చెప్పే కుర్చీలో నాన్న ఒక్కడే కూర్చుంటే సగం లాభం పోయినట్టే. మీ ఇద్దరూ కూర్చోవాలి.

పిల్లలకేం తెలుస్తుందని అనుకోకండి. మీ పక్క రాష్ట్రం మిషిగన్‌లో 1990లలో కెల్లాగ్ ఫౌండేషన్ అనే పెద్ద దానసంస్థ ఒక మంచి పని చేసింది. ఊళ్ల ఫౌండేషన్లు పోగుచేసిన డబ్బుకు తన డబ్బు కలుపుతానంది. షరతు ఏమిటంటే పిల్లల కోసం ఒక ఫండ్ పెట్టాలి, అందులోంచి ఎవరికి ఇవ్వాలో పిల్లల కమిటీయే తేల్చాలి. హైస్కూల్ పిల్లలు దరఖాస్తులు చదివి, వాదించుకుని, నిర్ణయం చెప్పారు. ఆ కమిటీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అమ్ములూ, నువ్వు వచ్చే ఏడు హైస్కూల్‌కు వస్తావు కదా!

చెరువుకు పూడిక కూడా ఉంటుంది. 2015లో మిషన్ కాకతీయలో మన చెరువు పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లు వరసకట్టాయి. ఆ మట్టి పోసిన చేలల్లో పత్తి ఎంత ఏపుగా వచ్చిందో! ఏళ్ల తరబడి మడి దిగని పెద్దలుంటే ఏ ఫౌండేషన్‌కైనా పూడిక పడుతుంది. పైకి నిండుగా కనబడుతుంది, లోపల లోతు ఉండదు.

పెట్టుబడి డబ్బు ఎలా పెరుగుతుందో, ధరలు దాన్ని ఎండ నీళ్లను తాగినట్టు ఎలా తాగేస్తాయో నాన్నను అడగండి, లెక్క వేసి చూపిస్తాడు. మీ పని వేరే ఉంది. ఈ శనివారం మీ వీధి లైబ్రరీకి నడిచి వెళ్లండి, కారులో వద్దు. బడి తర్వాత అక్కడ ఎవరు కూర్చుంటున్నారు, ఎంతసేపు, ఎవరు తీసుకెళ్లడానికి వస్తున్నారు, అసలు ఎవరూ రానివాళ్లున్నారా చూడండి. బస్టాప్ దగ్గర కాసేపు ఆగండి. ఫండ్ కాగితాల మీద సంతకం పెట్టే రోజున మీరూ నాన్న వెంట వెళ్లండి. అక్కడి వాళ్లను “మన ఊళ్లో చివరి మడి ఎక్కడుంది, మమ్మల్ని తీసుకెళ్తారా” అని అడగండి. మడి అంటే ఏమిటో అమ్ములు వాళ్లకు ఇంగ్లీషులో చెప్తుంది.

చూసింది చూసినట్టు నాకు రాయండి. ఇక్కడ చీకటి పడింది, మత్తడి చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది. నానమ్మ మీకోసం సకినాలు చేయాలని బియ్యం నానబోసింది.

మీ తాతయ్య