పంచాయతీ డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది?

చిరంజీవులైన పిలకాయలకు,

తాత ఆశీస్సులు. లక్ష్మి అడిగిన ప్రశ్న చాలా మంచిది. "మురుగు కాలవ కొత్తగా కట్టారు గదా తాతా, మరి బడి ముందు లైటుకు బల్బు వెయ్యమంటే డబ్బుల్లేవంటారేంది?" అని. కాలవకు లక్షలుండి బల్బుకు లేవంటే అబద్ధంలాగే ఉంటుంది. కానీ అది నిజమే అయ్యుండొచ్చు. ఆ డబ్బు వేరు, ఈ డబ్బు వేరు.

కావలి కాలవ మీకు తెలుసు. సోమశిల నిండిందని పేపర్లో చదివి సంబరపడతాం. డ్యాము నిండడం వేరు, చివరి ఆయకట్టులో మన మడి తడవడం వేరు. మధ్యలో ఎన్నో తూములు, ప్రతి తూము దగ్గరా ఎంత ఎత్తాలో ఒకరు చెప్పాలి. పన్నుల డబ్బూ అట్లాగే పారుతుంది. పెద్ద డ్యాము ఢిల్లీలో ఉంది. ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, మీరు కావలి బజార్లో కొన్న సబ్బు మీది జీఎస్టీలో కేంద్రం వంతు, అన్నీ అక్కడికి చేరతాయి. రాష్ట్రాల తూము ఎంత ఎత్తాలో ఆర్థిక సంఘం చెబుతుంది, అంటే పన్నుల పంపకం లెక్క తేల్చడానికి వేసే సంఘం. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కు చెప్పిన లెక్కలో, పంచాల్సిన ప్రతి వంద రూపాయల్లో 41 రాష్ట్రాలవి. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, అంటే దాదాపు రూపాయి 66 పైసలు. పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఆ వందలో కలవవు. అవి డ్యాములోనే నిలిచిపోయే నీళ్లు.

పంచాయతీలకు ఇంకో పిల్లకాలవ ఉంది. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక తవ్వింది అది. 2021-26కు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 2,36,805 కోట్లు సిఫారసు చేశారు. రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు జనాభాకు 90 వంతులు, విస్తీర్ణానికి 10 వంతులు. డబ్బు ముందు రాష్ట్రం చేతికొస్తుంది. పది పనిదినాల్లో కిందికి వదలాలి, ఆలస్యం చేస్తే వడ్డీతో ఇవ్వాలి. పైసా దారిలో ఆగకుండా పెట్టిన ఈ షరతు నాకు బాగా నచ్చుతుంది. అయితే ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి తూము దించేస్తారు. మన సర్పంచుల గడువు 2018 ఆగస్టులో తీరింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. అప్పటి గ్రాంటుకు అదే పెద్ద అడ్డమైంది. ఓటు ఆలస్యమైతే నీళ్ల ట్యాంకు రిపేరు కూడా ఆలస్యమవుతుందని చాలామందికి తెలియదు.

ఇంక లక్ష్మి ప్రశ్న. ఆ 2021-26 లెక్కలో పంచాయతీకి పది లక్షల గ్రాంటు వచ్చిందనుకోండి. అందులో మూడు లక్షలు తాగునీటికీ, వాననీటి సంరక్షణకే. ఇంకో మూడు లక్షలు పారిశుధ్యానికే. మురుగు కాలవ ఈ మూడు లక్షల్లోది. బల్బు ఇందులో కొనగూడదు, కొంటే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు. మిగిలిన నాలుగు లక్షలే ఊరి అవసరాలకు. అవి కూడా జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ వాడగూడదు. ఈ నీళ్లు వరికే, ఆ నీళ్లు చెరుకుకే అని తూము మీదే రాసిపెట్టినట్టన్నమాట. తాగునీళ్లకు ముందు తీసిపెట్టడం తప్పని నేననను. కానీ చివరి మడిలో ఈ ఏడు ఏం పెట్టాలో ఢిల్లీ కంటే రైతుకే బాగా తెలుసు.

అందుకే కాలవ చివర మడి ఉన్నవాడు బావి తవ్వుకుంటాడు. పంచాయతీకి ఆ బావి ఇంటిపన్ను. కుళాయి రుసుము, సంత వేలం, చెరువు చేపల వేలం కూడా ఆ ఊటలే. భూమి రిజిస్ట్రేషనప్పుడు కట్టే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, అంటే పది లక్షల పొలానికి 15,000, స్థానిక సంస్థలకు చెందాల్సిందే. రాయి లాంటిది తవ్వే చోట సీనరేజి అనే తవ్వకం రుసుములోనూ వాటా ఉంటుంది. మా చిన్నతనంలో సంత ఆశీళ్లు, బందెలదొడ్డి జరిమానాలు కూడా పంచాయతీకి ఆదాయమే. పరాయి చేలో పడ్డ గొడ్డును దొడ్లో కట్టేసేవాళ్లు, యజమాని డబ్బు కట్టి విడిపించుకోవాలి.

ఈ బావి ఎందుకు పూడిపోతుందో చెబుతా. రేకుల ఇల్లుగా ఉన్నప్పుడు వేసిన పన్ను, మిద్దె మీద మిద్దె లేచినా రిజిస్టర్లో అట్లాగే ఉంటుంది. మళ్లీ కొలవాలి, కప్పు ఏమిటో రాసుకోవాలి, నోటీసివ్వాలి, అభ్యంతరం ఉంటే వినాలి. ఓట్లు పోతాయని సర్పంచి వెనకాడతాడు. "లైట్లే వెలగవు, పన్నెందుకు?" అని ఊరు కట్టదు. కట్టకపోతే వీధిలైట్ల కరెంటు బిల్లు, ట్యాంకు మోటారు బిల్లు బకాయి పడతాయి, చిన్న ఖర్చులకు చేతిలో ఏమీ మిగలదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు పన్ను కట్టకుండా సర్పంచిని తిడుతుంటే మర్యాదగా గుర్తుచెయ్యండి.

ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని విడిగా ఉంటుంది, ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు. మీరు లైబ్రరీలో చదివే పత్రికల్లోకి మీ ఇంటి పైసలు కూడా ఎట్లా చేరుతున్నాయో తల్చుకుంటే ఈ వయసులోనూ నాకు అబ్బురంగానే ఉంటుంది!

వచ్చే సోమవారం నలుగురూ కలిసి పంచాయతీ ఆఫీసుకు పోండి. కార్యదర్శిగారికి నమస్కారం పెట్టి మూడు అంకెలు అడగండి: ఈ ఏడాది ఇంటిపన్ను డిమాండు (రావాల్సింది) ఎంత, వసూలెంత, పాత బకాయి ఎంత. ఆయనకు తీరిక లేకపోతే ఫోన్లో పంచాయతీ లెక్కలు చూపించే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి రాష్ట్రం, జిల్లా, మండలం, మన పంచాయతీ వరసగా నొక్కండి. ఊరి ప్రణాళికలో ఏ పనికి ఎంత రాశారో, ఎంత ఖర్చయిందో కనిపిస్తుంది. నోటు పుస్తకంలో ఎక్కించుకుని గ్రామసభ నాడు దగ్గర పెట్టుకోండి. పిలకాయలు అడగగూడదని ఎవరన్నా అంటే నా పేరు చెప్పండి.

మీ తాత